కుడిపక్క జాగ

ఆ రోజు నేను చేసిన తప్పు ముందే చెప్పేస్తాను. బొంగులూరు దగ్గర ఒక కొత్త ఇంట్లో గృహప్రవేశం భజన జరుగుతోంది. మా బావ పాట ఎత్తుకునే సమయానికి ఆయన కుడి చెవి పక్కనే తాళాలు బలంగా కొట్టాను. చెయ్యి జారి తగిలిన దెబ్బ కాదు. కొడితే ఏమవుతుందో మా భజన మండలిలో నాకొక్కడికే తెలుసు. తెలిసే కొట్టాను.

బావ అంటే మా అక్క భర్త. ఇబ్రహీంపట్నంలో మా ఇల్లూ వాళ్ల ఇల్లూ ఒకే గల్లీలో ఉంటాయి. ఆయన ఇండ్లు కట్టే మేస్త్రీ, నాది పిండి గిర్ని. వారమంతా ఎవరి పని వాళ్లది. శనివారం సాయంత్రం మాత్రం హనుమాన్ గుడిలో కూర్చుంటాం. బావ పాట ఎత్తుకుంటాడు, మిగతావాళ్లం వంత పాడతాం. ఎవరైనా ఇంటికి పిలిస్తే అక్కడికీ పోతాం.

పాట ఎత్తుకునే మనిషికి కుడిపక్కన కూర్చునేవాడికి భజనలో ఒక లెక్క ఉంటుంది. ఎవరూ పెట్టిన నియమం కాదు, అట్లా జరుగుతూ వచ్చింది. హారతి ఆయన కళ్లకద్దుకున్నాక పళ్లెం ముందు కుడిపక్కకే వస్తుంది. పాట మధ్యలో ఆయనకు దమ్ము అందకపోతే చరణం అందుకోవాల్సింది కుడిపక్కవాడే. ఆ జాగ నాది. నాకు పెండ్లి కాకముందు నుంచీ నాదే. మాకు హార్మోనియం లేని రోజుల్లో శ్రుతి కూడా నేనే ఇచ్చేవాణ్ణి. పాటకు ముందు కొంచెం వంగి ఆయన చెవి దగ్గర సన్నగా కూనిరాగం తీసేవాణ్ణి. ఆయన కళ్లు మూసుకుని, తలూపి, అక్కణ్ణించే ఎత్తుకునేవాడు. రోజంతా గిర్ని మోత మీద అరిచి అరిచి నా గొంతు మొద్దుబారింది. దానికి ఊళ్లో ఏ విలువా లేదు. ఆ ఒక్క కూనిరాగానికి మాత్రం ఉండేది.

కొన్నేళ్ల కింద ఒక పొద్దున బావ నన్ను వెంటబెట్టుకుని సెల్‌ఫోన్ల దుకాణానికి పోయాడు.

"తమ్మీ, గీ ఫోన్ల మాట వస్తలేదు. ఏదో ఖరాబైనట్టుంది, జర చూడు" అన్నాడు దుకాణం అతనితో.

అతను ఫోన్ చెవికి పెట్టుకుని, "మంచిగనే ఉన్నది గదనే" అన్నాడు.

బావ తీసుకుని ఎడమ చెవికి ఆనించుకున్నాడు. తల అడ్డంగా ఊపాడు. "నీ చెవుల వస్తది గని నా చెవుల రాదా? ఫోన్ గూడ మొహం జూసి మాట్లాడ్తదా?"

"అటు కాదే, ఇటు పెట్టి జూడు" అని అతను నవ్వుతూ ఫోన్ కుడి చెవికి మార్చాడు.

బావ కూడా నవ్వబోయి ఆగాడు. ఫోన్ కుడి నుంచి ఎడమకు, ఎడమ నుంచి కుడికి మార్చుకుంటూ నావైపు చూశాడు. అప్పుడు అర్థమైంది, చెడింది ఫోన్ కాదని.

నగరంలో దవాఖానకు నేనే తీసుకుపోయాను. అద్దం బిగించిన చిన్న గదిలో బావను కూర్చోబెట్టి, రెండు చెవులకూ డొప్పలు తగిలించి, చేతిలో ఒక మీట పెట్టారు. చప్పుడు వినపడినప్పుడల్లా నొక్కాలి. పరీక్ష చేసే అమ్మాయి ఇవతల మిషన్ ముందు కూర్చుంది, నేను ఆమె వెనక నిలబడ్డాను. మొదట అంతా బాగానే సాగింది. ఎడమ చెవిలో చప్పుడు పెట్టినా బావ అప్పుడప్పుడు నొక్కుతున్నాడు. నాకు సంతోషమేసింది.

"అది ఆయన ఎడమ చెవి కాదు" అంది ఆ అమ్మాయి. "ఎడమ పక్క చప్పుడు గట్టిగా పెడితే తల ఎముకల్లోంచి అవతలికి పోతుంది. కుడి చెవి విని, ఎడమ చెవి తరఫున జవాబు చెప్తుంది. ఇప్పుడు కుడిదానికి వేరే పని పెడతాను, చూడండి."

కుడి చెవిలోకి ఆమె ఒక హోరు వదిలింది. రేకుల మీద వాన పడినట్టు ఉంటుందట. అట్లా కుడి చెవిని ఆ హోరులో ముంచి ఎడమ చెవిలో మళ్లీ చప్పుళ్లు పెట్టింది. ఒకటి, ఇంకొంచెం పెద్దది, ఇంకా పెద్దది. ఆమె చెయ్యి మిషన్ మీద కదులుతూనే ఉంది. అద్దం వెనక బావ బొటనవేలు మీట మీద ఆనించి కూర్చున్నాడు. ఒక్కసారి కూడా నొక్కలేదు. పిలుపు కోసం కాచుకున్న మనిషిలా నా మొహంలోకి చూస్తున్నాడు. చప్పుడు పోతోందని నాకు తెలుసు, ఆయనకు తెలియదు.

చెవికి మిషన్ పెట్టుకుంటే కొంత ఉపయోగం ఉండొచ్చని డాక్టరు చెబితే బావ ఒప్పుకోలేదు. బయటికొచ్చాక నాతో ఒక మాట తీసుకున్నాడు.

"ఎవ్వరికి చెప్పకు. మీ అక్కకు గూడ. చెవిటోడు పాట చెప్తున్నడంటరు."

"అక్కకు చెప్తే ఏమైతది బావా?"

"మీ అక్కకు చెప్తే పొద్దుగూకేలోపు ఇబ్రహీంపట్నం అంత చెప్పినట్టే."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వుతో ఆ రహస్యం మా ఇద్దరిదైంది. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు బాధ కంటే గర్వం ఎక్కువైంది. ఇక ఆయనకు లోకమంతా కుడిపక్క నుంచే వినపడాలి, కుడిపక్కన ఉన్నది నేను.

తర్వాత మండలిలోకి హార్మోనియం వచ్చింది. వాయించే అతనికి నలభై దాటి ఉంటాయి. ఆదిభట్లలో కంపెనీ ఉద్యోగం, మన్నెగూడలో కొత్తగా ఇల్లు కొనుక్కున్నాడు. హార్మోనియం వాళ్ల నాయన దగ్గర నేర్చుకున్నాడట. ఒక శనివారం పెట్టె చంకన పెట్టుకుని గుడికి వచ్చి, "నేను గూడ కూసోవచ్చునా అన్నా" అని అడిగింది నన్నే. ఎడమపక్క ఖాళీ జాగ చూపించాను. అందరూ అతన్ని సారు అనేవాళ్లు. అతను మాత్రం అందరినీ అన్న అని, మా అక్కను వదిన అని పిలిచేవాడు.

పెట్టె బావ ఎడమపక్కన ఉంటే ఆయనకు సరిగ్గా వినపడదని నాకు తెలుసు. జాగ మార్చుకుందామని ఒక్క మాట అంటే చాలు. ఏ కారణమైనా చెప్పి అనొచ్చు. నేను అనలేదు. బావ కూడా అడగలేదు, అడిగితే కారణం చెప్పాల్సి వస్తుందని. అందుకే పాటకు ముందు తల పూర్తిగా ఎడమకు తిప్పేవాడు. అట్లా తిప్పితే కుడి చెవి ముందుకొచ్చి పెట్టె చప్పుడు అందుకుంటుంది. చూసేవాళ్లకు మాత్రం ఆయన సారు మొహంలోకే చూసి పాడుతున్నట్టు ఉండేది.

"మీ బావ నిన్ను మరిసిపొయ్యిండే" అనేవాడు ఢోలక్ కొట్టే అన్న. ఎవరినైనా గిల్లకపోతే ఆయనకు పొద్దుపోదు. "ఎప్పుడు జూసినా సారు దిక్కే మొహం. నీకు వీపే మిగిలింది."

బావ ఎందుకు తిరుగుతున్నాడో తెలిసినవాణ్ణి నేను. తెలిసి కూడా ఆ వీపు చూస్తే నాకు కడుపు మండేది. తెలియనివాళ్లు కుళ్లుకున్నా ఒక అర్థం ఉంది. నేను కారణం చేతిలో పెట్టుకుని కుళ్లుకున్నాను.

చిన్న చిన్న బుద్ధులన్నీ బయటపడ్డాయి. సారు ఇంటి నుంచి గోధుమలు గిర్నికి వస్తే, ముందొచ్చినా డబ్బా వెనక్కి జరిపేవాణ్ణి. ఒకసారి కావాలని బరకగా పట్టి పంపాను. గొడవకు వస్తారని చూస్తే, ఉప్మాకు చాలా బాగుందని సారు భార్య కబురు పంపింది. ఆ రోజు మరింత మండింది. మా అక్క సకినాలు చేసి సారుకు డబ్బాలో పెట్టి ఇస్తే, మా ఇంటికొచ్చినవి లెక్కకు తక్కువగా కనిపించాయి.

ఇక బొంగులూరు సంగతి. వెంచర్‌లో కొత్త ఇల్లు, పెద్ద హాలు. సోఫాలూ పరదాలూ ఇంకా రాలేదు. నున్నటి బండలు, తెల్లటి గోడలు. ఇక్కడ దగ్గితే అక్కడ గోడ దగ్గుతున్నట్టుంది. వ్రతం అయ్యాక పొద్దున్నే కూర్చున్నాం. మొదటి పాటలు బాగా వచ్చాయి. ఇంటాయన సంబరపడి శాలువా తెచ్చి బావకు కప్పాడు. బావ ఒక్క నిమిషం ఉంచుకుని, దాన్ని తీసి ఎడమపక్కకు తిరిగి సారు భుజాల మీద వేశాడు.

"ఇది మా సారుకు గప్పాలె. గీయన వచ్చినంక నా గొంతు నాకే కొత్తగ అనిపిస్తుంది" అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. ఢోలక్ అన్న నావైపు వంగాడు.

"నీకు ఎప్పుడన్న గిట్ల కప్పిండా?"

"నాకెందుకు, ఉక్కపోత" అన్నాను.

"అవ్ అవ్, కనబడ్తుంది. మొహం ఎర్రగైంది."

తర్వాతి పాటకు సారు పెట్టె మీద శ్రుతి పట్టాడు. బావ ఎప్పటిలాగే ఎడమకు తల తిప్పి కుడి చెవితో దాన్ని వెతుక్కుంటున్నాడు. ఆ చెవి నా చేతికి అందేంత దగ్గరగా ఉంది. మామూలుగా తాళాలు రొమ్ము దగ్గర పట్టుకుంటాను. అప్పుడు భుజం దాకా ఎత్తాను. దవాఖాన అమ్మాయి హోరు వదిలింది నిజం తెలుసుకోవడానికి. నేను తాళాలు కొట్టింది నిజాన్ని ముంచెయ్యడానికి.

ఇత్తడి మోత ఆ ఖాళీ హాల్లో గోడగోడకూ తగిలింది. బావ శ్రుతి అందక, అంచనా మీద ఎత్తుకున్నాడు. పాట ఒక మెట్టు పైన పోయింది, పెట్టె కింద ఉండిపోయింది. సారు గబగబా వేళ్లు మార్చి ఆయన్ను అందుకోబోయాడు. ఏదో తేడా ఉందని బావకు అనుమానం వచ్చి ఆయన కిందికి దిగాడు. ఒకరి కోసం ఒకరు వెతుక్కుంటున్నారు. నేను కొడుతూనే ఉన్నాను. ఢోలక్ ఆగిపోయింది. వెనక పిల్లలు కిసుక్కున నవ్వారు.

"పెద్దాయనకు దమ్ము లేనట్టుంది, చాయ్ ఇయ్యుర్రి" అన్నారెవరో.

బావ పాట మధ్యలో ఆపేశాడు. ఎన్నడూ అట్లా ఆపలేదు. కొత్త ఇంట్లో ఎత్తుకున్న పాట సగంలో విడవకూడదు. కుడిపక్కవాడే అందుకోవాలి. అందుకున్నాను. చివరి దాకా పాడాను, మంగళహారతీ నేనే పాడాను. అయిపోయాక ఇంటాయన నా చేతులు పట్టుకుని, "నీ గొంతు గింత మంచిగుంటదని తెల్వదు" అన్నాడు. ఎన్నేళ్ల నుంచో వినాలనుకున్న మాట అది. బావ మాత్రం గోడకు ఆనుకుని నేల చూస్తూ కూర్చున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో బావ పక్కన నేనే కూర్చున్నాను, ఆయనకు కుడివైపు. అందరూ మాటల్లో పడ్డాక నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"బామ్మర్దీ, కుడిది గూడ పోతున్నట్టుందిరా."

నేను తాళాల సంచి కాళ్ల కిందికి జరిపాను.

"పెట్టె అస్సలు ఇనబడలే. ఉత్త గయ్యిమని మోత. గిదొక్కటే ఉండె నాకు." చెవి రుద్దుకుని, "శనివారం నుంచి నువ్వే పాట చెప్పు. నేను రాను" అన్నాడు.

అది నీ చెవి కాదు బావా, నా తాళాలు అని అక్కడే చెప్పాలి. ఢోలక్ అన్న ఉన్నాడు, సారు ఉన్నాడు అని ఒక సాకు దొరికింది. ఇంకా సిగ్గుపడాల్సిన సంగతి ఒకటుంది. నువ్వే పాట చెప్పు అన్నప్పుడు లోపల ఎక్కడో ఒక మూల సంతోషం కదిలింది. దాన్ని నేను గమనించాను కాబట్టే ఇది రాస్తున్నాను.

మధ్యాహ్నం గిర్ని తెరిచాను. మోత మొదలయ్యాక నా ఆలోచనలు నాకే వినపడవు అనుకున్నాను. కానీ ఆ మోతలోనే ఆయన మాట తిరుగుతూ ఉంది. పొద్దు వాలుతుండగా అక్క వచ్చింది. మోత మీద అరిచి చెబుతోందని మిషన్ బంద్ చేశాను.

"మీ బావకు ఏమైందిరా? అన్నం తినలే. కుర్చీల కూసోని, చెవి కాడ గడియారం పెట్టుకుంటడు, తీస్తడు. ఫోన్ పెట్టుకుంటడు, తీస్తడు. నేను పిలిస్తె ఉలిక్కిపడ్తడు."

ఆమెతోనే నడిచి వెళ్లాను. బావ వాకిట్లో ఉన్నాడు. అక్క చాయ్ పెట్టడానికి లోపలికి పోయేదాకా ఆగి, కుడిపక్కకు పోయి కూర్చున్నాను.

"బావా, నీ చెవి మంచిగనే ఉన్నది. పొద్దుగాల నేనే తాళాలు నీ చెవి కాడికి ఎత్తి కొట్టిన. కావాలనే కొట్టిన. పెట్టె నీకు ఇనబడొద్దనే కొట్టిన."

ఆయన కుర్చీ నావైపు జరుపుకున్నాడు.

"అంటే, నా చెవి పోలేదా?" అన్నాడు.

"పోలే."

ఆయన భుజాలు దిగాయి. కోపం కంటే ముందు ఊపిరి పీల్చుకున్నాడు. అది చూడడం తిట్లు తినడం కంటే కష్టంగా ఉంది. తిట్లు తర్వాత వచ్చాయి, చిన్న గొంతుతో, లోపల అక్కకు వినపడకుండా.

"శాలువాకా?"

"శాలువా ఒక్కటే కాదు. నువ్వు అటే తిరుగుతవు."

"ఎందుకు తిరుగుతున్ననో నీకు తెల్వదారా? ఇంకెవడన్న అంటే సరే. దవాఖానల అద్దం బయట నిలబడ్డోడివి నువ్వు. నీకొక్కనికి చెప్తే, చెప్పిన కాడనే కొట్టినవ్."

అక్క చాయ్ తెచ్చింది. లేచి పోబోతే బావ కప్పు నావైపు నెట్టి, "తాగి పో" అన్నాడు.

మరునాడు పొద్దున్నే మా ఇంటి ముందుకొచ్చి నిలబడ్డాడు. "దవాఖానకు తోలుకపో. మళ్ల మిషన్ల కూసుంట. నువ్వు మంచిగున్నదంటే మంచిగున్నదని ఇగ నేనెట్ల నమ్మాలె?" అన్నాడు. తీసుకుపోయాను. అదే అద్దం గది. ఈసారి నేను లోపలికి పోలేదు, బయట బెంచీ మీద కూర్చున్నాను. కాసేపటికి వచ్చి, "కుడిది ఎట్లున్నది అట్లనే ఉన్నదట" అని చెప్పి ముందు నడిచాడు. నేను వెనక నడిచాను.

ఆ సాయంత్రమే మన్నెగూడ పోయి సారుకు చెప్పాను. బావ చెవి సంగతి చెప్పలేదు, అది నాది కాదు. ఆ పాట పోయింది నా తాళాల వల్ల, కుళ్లుతో కొట్టాను అని మాత్రం చెప్పాను. పాపం, నేను పోయేసరికే తన పెట్టెలో శ్రుతి తప్పిందేమోనని అతను పెట్టె విప్పి ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"పోనీ అన్నా" అన్నాడు. తర్వాత నవ్వి, "గోధుమలు గూడ గందుకేనా?" అని అడిగాడు.

"అవ్" అన్నాను.

శనివారం అందరికంటే ముందు గుడికి పోయాను. సారు రాగానే పెట్టె అందుకుని నా జాగలో, కుడిపక్కన పెట్టాను. నేను తాళాలు తీసుకుని ఎడమపక్కకు పోయి కూర్చున్నాను. బావ వచ్చి ఒకసారి అటూ ఇటూ చూసి, మధ్యలో కూర్చున్నాడు. ఆయన రాడేమోనని అప్పటిదాకా భయంగానే ఉంది.

"ఏమే, అలిగి అటు పోయినవా?" అన్నాడు ఢోలక్ అన్న అందరికీ వినపడేట్టు. "శాలువా కప్పలేదనా?"

అసలు కారణం చెబితే బావ చెవి సంగతి బయటపడుతుంది. "అవ్, అలిగిన" అన్నాను. అందరూ నవ్వారు. బావ నవ్వలేదు.

సారు శ్రుతి పట్టాడు. బావ మెడ తిప్పకుండా, ఎన్నాళ్ల తర్వాతనో నిటారుగా ముందుకు చూస్తూ ఎత్తుకున్నాడు. నేను వంత పాడాను. ఇటుపక్క నేను ఎంత బాగా పాడినా, ఎంత చెడగొట్టినా ఆయనకు పెద్దగా తెలియదు. హారతి పళ్లెం ముందు సారు దగ్గరికి పోయింది, అక్కణ్ణించి ఢోలక్ అన్న దగ్గరికి, చివరికి నా దగ్గరికి వచ్చింది. కడుపులో మంట తగ్గిందని చెబితే అది ఇంకో అబద్ధం అవుతుంది. తాళాలు మాత్రం ఒళ్లోనే ఉంచి, మెల్లగా కొట్టాను.